ఎడమ చెంపకు తెలియని వేడి

రోగం పేరు మొదటే చెప్పేస్తాను. కుష్ఠు. మా వైపు పెద్దరోగం అంటారు. పేరు దాచిపెట్టి నాలుగు పేజీలు తిప్పి చివర్లో బయటపెడితే మీకు జాలి ఎక్కువ కలుగుతుందేమో గాని, నాకు ఆ జాలితో పని లేదు. ఏడేళ్ళు మందు మింగాను. ఇప్పుడు రోగం లేదని డాక్టరు రాసిచ్చాడు. కలం పట్టుకునే చేయి కుడిచేయి కావడం నా అదృష్టం, అందుకే రాస్తున్నాను. ఎవరికైనా పనికొస్తే మంచిదే. రాకపోతే నా కడుపులో మంటన్నా కొంత దిగుతుంది.

మాది పెనుకొండకు మూడు మైళ్ళ దూరంలో ఉన్న ఊరు. సేద్యం చేసుకునే ఇల్లు. నేను పెద్దకొడుకును. హిందూపురంలో ఎలిమెంటరీ స్కూలు అయివారిగా పనిచేస్తూ, శనివారం సాయంత్రం రైలెక్కి ఊరికి వచ్చేవాణ్ణి. ఆదివారం పొద్దున నరసప్ప వచ్చి గడ్డం చేసేవాడు. ఆదివారం క్షౌరం పనికిరాదని అమ్మ సణిగేది గాని, మిగతా రోజుల్లో నేను ఊళ్ళో ఉంటే కదా.

నరసప్ప నాకు పుట్టెంట్రుకలు తీసినవాడు. మా నాయనకు, నాకు, తమ్ముడు గోపాలుకు ఆయన చేయే. సబ్బు ముట్టడు, బ్రష్షు ఆయన సంచిలో లేదు. ఒక చెంబుడు కాగిన నీళ్ళు, ఒక పాత పంచెగుడ్డ, అంతే. గుడ్డను వేడినీళ్ళలో ముంచి, పిండి, ముఖానికి కప్పుతాడు. తీసేసి వేళ్ళు తడుపుకుని చెంపలు, గడ్డం కింద, పైపెదవి మీద రుద్దుతాడు. మళ్ళీ గుడ్డ, మళ్ళీ వేళ్ళు. కత్తి పని ఐదు నిమిషాలైతే ఈ నానబెట్టే పని పావుగంట. నా గడ్డం చీపురుపుల్లల మాదిరి గట్టిది. తొందరపెడితే ఆయన ఒకే మాట అనేవాడు.

"నానాలప్పా. నానితే కత్తి పని కత్తి చేసుకుంటాది. నానకపోతే నేను గుంజాల, నువ్వు అరవాల."

యాభై ఏడో సంవత్సరం ఎండాకాలం. సెలవులిచ్చారు, ఊళ్ళోనే ఉన్నాను. ఆ ఆదివారం అమ్మ ఏదో తొందరలో పొయ్యి మీది నీళ్ళను చన్నీళ్ళు కలపకుండానే చెంబులో పోసి పంపింది. నరసప్ప గుడ్డ పిండి కుడి చెంపకు అద్దాడు. చురుక్కుమని అరిచాను. ఆయన నవ్వి, గుడ్డను ఎడమ చెంపకు మార్చాడు. నేను అరవలేదు. ఆయన నవ్వు ఆగింది. గుడ్డను మళ్ళీ ముంచి మళ్ళీ ఎడమవైపే పెట్టాడు. నేను రోడ్డు మీద పోతున్న బండిని చూస్తూ కూర్చున్నాను. మూడోసారి పెట్టి, వేళ్ళతో ఆ చోటును మెల్లగా తడిమాడు. ఆ తడమడం కూడా నాకు సరిగా తెలియలేదని తర్వాత గుర్తుచేసుకుంటే అర్థమైంది.

నాయన చేనికి పోయేదాకా కుడి పక్క గీస్తూ ఆగి, గొంతు తగ్గించి అన్నాడు.

"అప్పా, ఒక మాట చెప్తా, కోపం చేసుకోవద్దు."

"చెప్పు."

"ఎడం పక్క నీకు కాక తెలీలేదు. మూడు తూర్లు చూస్తి. ఈడ గడ్డం కూడా పల్చబడింది, తోలు రంగు మారింది. ఒకసారి పెద్దాసుపత్రిలో చూపిచ్చుకో."

నాకు ఒళ్ళు మండింది. చదువుకున్నవాణ్ణి, పదిమందికి పాఠం చెప్పేవాణ్ణి. గడ్డం గీసేవాడు నాకు రోగం అంటగడతాడా? "గీకేవాడివి గీకు. డాక్టరు పని నీకెందుకప్పా?" అని అరిచాను. చెంబు తీసుకుని నీళ్ళు వాకిట్లో గుమ్మరించాను. అప్పటికి ఒక పక్క గీయడం అయింది, రెండో పక్క మిగిలింది. ఆయన ఆ మిగిలిన పక్కను తడి ఆరకముందే గీసి, కత్తి తుడుచుకుని, మడిచి వెళ్ళిపోయాడు. కావాలంటే సగం ముఖంతో వదిలిపోయి ఉండొచ్చు, వదల్లేదు.

అబద్ధం ఎందుకు, నాకు ఆ పూటే తెలుసు. స్నానాలగదిలో తలుపు గడియ వేసుకుని ఎడమ చెంపను గిల్లుకున్నాను. గోటి గుర్తు పడింది గాని నొప్పి పుట్టలేదు. అయినా బయటికి వచ్చి, ఎండకు చర్మం మొద్దుబారిందని నాకు నేనే చెప్పుకున్నాను. మనిషి తనను తాను మోసం చేసుకునేటప్పుడు ఎంత తెలివి చూపిస్తాడో చెప్పలేను. ఆ తెలివిలో సగం ఆసుపత్రికి పోవడానికి వాడి ఉంటే ఈ రాత అవసరమే లేకపోయేది.

నరసప్ప వేళ్ళకు దొరకకూడదని ఆ తర్వాత హిందూపురంలో సెలూనుకు పోవడం మొదలుపెట్టాను. కుర్చీ, అద్దం, గోడకు దేవుడి పటాలు. సెలూనాయన బ్రష్షును సబ్బు మీద గిరగిరా తిప్పి ముఖమంతా నురగ పూసేవాడు. నురగ కింద మచ్చ కనపడదు. బ్రష్షుకు ఏ చెంప మొద్దుబారిందో తెలియదు. ఆయన వేలు నా ముఖానికి తగిలేదే తక్కువ, పైగా ఎప్పుడూ గుమ్మం వైపు చూస్తూ ఎవరితోనో మాట్లాడుతుండేవాడు. రెండు నిమిషాల్లో నానబెట్టడం అయిపోయేది. నాకు అదే కావాలి. ప్రతి వారం ఆ కుర్చీలో కూర్చుని, నాకేమీ లేదని ధైర్యం తెచ్చుకుని లేచేవాణ్ణి. అట్లా ఏడాదిన్నర నడిపాను.

ఆ ఏడాదిన్నరలో ఎడమచేతి చిటికెనవేలు వంగింది. ఒకరోజు స్కూల్లో వేడి కాఫీ గ్లాసు ఆ చేత్తో పట్టుకుని మాట్లాడుతుంటే తోటి అయివారు "చేయి కాలుతాంది చూడప్పా" అని గ్లాసు లాక్కున్నాడు. అరచేతిలో బొబ్బ లేచింది. ఇక నన్ను నేను మోసం చేసుకోవడానికి వీల్లేకపోయింది.

హిందూపురంలో చూపించుకుంటే అందరికీ తెలుస్తుందని ధర్మవరం పోయాను. అక్కడ ప్రతి గురువారం ఆ రోగానికి మందిచ్చేవాళ్ళు. వసారాలో ఒక పొడుగాటి బల్ల. వచ్చినవాళ్ళంతా గోడవైపు తిరిగి కూర్చునేవాళ్ళు, ఒకరి ముఖం ఒకరికి కనపడకుండా. ఎండాకాలంలోనూ తలకు గుడ్డలు. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే వెంటనే లేచేవాళ్ళు కాదు. కాసేపాగి, పిలిచింది వేరే ఎవరినో అన్నట్టు లేచేవాళ్ళు. నేనూ అట్లే లేచాను.

డాక్టరు చెంపను దూదితో తాకి చూశాడు. చేయి చూశాడు. "మచ్చ ఎప్పుడు చూసుకున్నారు?" అని అడిగాడు. "ఈమధ్యే" అన్నాను. ఆయన నా వేలు పట్టుకుని నిటారుగా చేయబోయి వదిలేశాడు. "ఏడాది ముందు వచ్చుంటే ఈ వేలు మీకు మిగిలుండేది" అన్నాడు. తిట్టినా బాగుండేది. మామూలుగా అన్నాడు.

వారం వారం వచ్చేవాళ్ళలో లక్ష్మన్న అని పట్టుచీరలు నేసే మనిషి ఒకాయన ఉండేవాడు. వేళ్ళకు పోగు తగిలింది తెలియక మగ్గం దిగిపోయినవాడు. గోడవైపు కాక మనుషులవైపు తిరిగి కూర్చునేది ఆయనొక్కడే. "మన మొగాలు మనమే సూసుకోకపోతే ఇంగ ఎవురు సూస్తారప్పా" అనేవాడు. ఆ బల్ల మీద నాతో మొదట మాట్లాడింది ఆయనే.

యాభై తొమ్మిదిలో నా భార్య రత్నమ్మకు చెప్పాను. అన్నం పెట్టింది. వారం తిరక్కుండా వాళ్ళన్న వచ్చి "పాప, చెల్లెలు కొన్నాళ్ళు మా కాడ ఉంటారు బావా" అన్నాడు. చాప కూడా వేయనివ్వలేదు, నిలబడే మాట్లాడాడు. పాపకు అప్పుడు మూడేళ్ళు. ఎత్తుకోబోతే రత్నమ్మ పాపను రెండో చంకకు మార్చుకుంది. తప్పు పట్టను, పాపకు అంటుతుందని భయం. అయినా ఆ చంక మార్చడం మాత్రం నేను మరిచిపోలేదు.

బయటికి పొక్కింది వాళ్ళింటి నుంచే. కానీ ఊళ్ళో అందరూ నరసప్పే చెప్పినాడన్నారు. గడ్డం చేసేవాడికి కాక ఎవరికి తెలుస్తుంది అన్నారు. మా అమ్మ ఆయన్ను వాకిట్లో నిలబెట్టి నోటికొచ్చినట్టు తిట్టింది. నేను ఇంట్లోనే ఉన్నాను. కిటికీ అవతలి నుంచి అంతా విన్నాను. కాదని ఒక్క మాట అనలేదు. అంటే మరి ఎవరు చెప్పారని అడుగుతారు, భార్య పేరు ఎత్తాలి. అందుకని ఆ నింద ఆయన మీదే ఉండనిచ్చాను.

స్కూల్లో సెలవు పెట్టమన్నారు. సెలూనాయన నన్ను గుమ్మంలోనే ఆపి, చాలా మర్యాదగా, "అయివారూ, మీరొక రేజరు కొనుక్కోండి. ఇంట్లో నిదానంగా చేసుకోవచ్చు" అన్నాడు. ముందువారం నాకు కప్పిన తువ్వాలు చెత్తబుట్టలో పడి ఉంది. దాన్ని నేను చూశానని ఆయనకు తెలుసు.

ఊళ్ళో ఇంట్లో కాకుండా చేను దగ్గరి కొట్టంలో నాకు మంచం వేశారు. గొడ్ల గాటి పక్కనే. అమ్మ కూడు పంపేది, తాను వచ్చేది కాదు. గోపాలు వచ్చినా దూరం నుంచే కేకేసి మాట్లాడేవాడు. రేజరు, బ్లేళ్ళు తెచ్చుకున్నాను. మొదటిరోజు నీళ్ళు కాచుకుని, నరసప్ప చేసినట్టే గుడ్డ ముంచి ముఖానికి కప్పుకున్నాను. కుడి చెంప కాలిందని తీసేలోపల ఎడమ చెంప బొబ్బలెక్కింది. మరుసటి గురువారం లక్ష్మన్న చూసి నవ్వలేదు. "మొదలు నీళ్ళు మోచేతికి తగిలిచ్చుకో. మోచేయి ఊ అంటే కుడి చెంపకు పెట్టు. అది ఊ అంటేనే ఎడమదానికి. దానికి నోరు లేదు, నువ్వే అడగాల" అని చెప్పాడు.

ఆ సంగతి నాయనకు చెప్పాను. ఆ ఆదివారం నుంచి నాయన తానే కొట్టానికి వచ్చి మూడు రాళ్ళ మీద నీళ్ళు కాచేవాడు. చెంబులో పోసి, తన వేలు ముంచి, కాసేపు ఉంచి, చన్నీళ్ళు కలిపి, మళ్ళీ ముంచి, "ఇంగ పెట్టుకో" అనేవాడు. నేను గడ్డం నానబెట్టుకుంటుంటే పక్కన బండమీద కూర్చునేవాడు. కోసుకుంటే నాకు తెలియదని, "ఈడ రక్తం వచ్చె, తుడుచుకో" అని చెప్పేవాడు. వానొచ్చినా, జ్వరమొచ్చినా మానలేదు. మూడేళ్ళపాటు నన్ను దగ్గరికొచ్చి చూసిన మనిషి ఇంటి మొత్తానికి నాయన ఒక్కడే.

అరవై రెండులో నాయన పోయాడు. నేను ఆ రోజు ధర్మవరంలో మందు కోసం బల్లమీద కూర్చుని ఉన్నాను. కబురు అంది రైలు దొరికి వచ్చేసరికి చితి సగం కాలిపోయింది. గోపాలు తలకొరివి పెట్టాడు. సరే, నేను లేను కదా అని సర్దుకున్నాను. కానీ పదోరోజు కర్మ ఉంది. పెద్దకొడుకు తల, గడ్డం, మీసం తీయించుకుని నాయనకు పిండం పెట్టాలి. నాకు ఆస్తి అక్కర్లేదు, అరుగు మీద చోటు అక్కర్లేదు, ఆ ఒక్కటి కావాలి. నా కోసం వేలు కాల్చుకున్న మనిషికి ఒక ముద్ద పెట్టాలి.

పదోరోజు తెల్లవారుతుండగా నరసప్ప కొట్టానికి వచ్చాడు. ఐదేళ్ళ తర్వాత ఎదురుపడటం. ముసలివాడైపోయాడు. అడక్కుండానే పొయ్యి రాళ్ళ కింద పుల్లలు ఎగదోసి నీళ్ళు పెట్టాడు.

"కూచోప్పా" అన్నాడు.

కూర్చున్నాను. గుడ్డ ముంచి పిండి, తన చెంపకు పెట్టుకుని చూసుకుని, అప్పుడు నా ముఖానికి కప్పాడు. తీసి వేళ్ళతో రుద్దడం మొదలుపెట్టాడు. కుడిపక్క, ఎడమపక్క, మచ్చ మీద, పైపెదవి, తర్వాత తలంతా. వేళ్ళు ఎక్కడా వెనక్కు తీసుకోలేదు. వేరే మనిషి చేయి నా తలకు తగిలి ఎన్నేళ్ళైందో లెక్క లేదు. నాకు ఏడుపు ఆగలేదు. మళ్ళీ గుడ్డ కప్పినప్పుడు దాని కింద ఏడ్చాను.

"నరసప్పా, ఊళ్ళో నువ్వే చెప్పినావనుకున్నారు."

"తెల్సు."

"కాదని నేను చెప్పలేదు."

"అదీ తెల్సు. తల కదిలిచ్చొద్దు."

గడ్డం నానింది. నా రేజరు తీసి ఆయన చేతికివ్వబోయాను. "నీ కత్తి వద్దు, నా బ్లేడుతోనే చెయ్యి. ఎవురికీ అంటదు" అన్నాను. ఆయన తీసుకోలేదు.

"బ్లేడు మాట కాదప్పా. పెద్దమనుషులు నిన్ననే చెప్పినారు. నీకు చేస్తే ఇంగ ఊళ్ళో ఒక్కరు కూడా నా ముందర కూర్చోరు. నాకూ పిల్లోళ్ళు ఉండారు."

"మరి ఇదంతా ఎందుకు చేస్తివి?"

ఆయన చేతులు పంచెకు తుడుచుకున్నాడు. "నీళ్ళు ఆరిపోతాయి, ఎవురికీ కనపడవు. గీసిన తల కనపడతాది. ఎవురు గీసినారని అడుగుతారు. నాన్చడం నాతో అయింది. మిగిలింది నువ్వే చేసుకో, బిన్నా, తడి ఆరకముందే" అని, వచ్చిన దారిన కాకుండా గట్టు మీదుగా వెళ్ళిపోయాడు.

గడ్డం, మీసం గీసుకున్నాను. తల మొదలుపెట్టాను. ముందు సగం అయింది. వెనక సగానికి వంగిన వేలున్న చేయి అందలేదు, అందినచోట తెగింది. ఒక పక్క బోడి, ఒక పక్క జుట్టు, చెంప మీద నాకు తెలియకుండా కారిన రక్తం. తలకు తుండుగుడ్డ చుట్టుకుని కర్మ జరిగే బావి దగ్గరికి పోయాను.

అందరూ ఉన్నారు. మా చిన్నాయన నన్ను చూసి ఎదురొచ్చి, పది అడుగుల దూరంలోనే చేయెత్తి ఆపాడు.

"ఏమబ్బా, యాడికి?"

"నాయనకు పిండం పెట్టాల. తల తీసుకున్నా."

"ఎవురు తీసినారు?"

"నేనే."

"చూపీ."

తుండుగుడ్డ తీశాను. ఎవరో ఆడమనిషి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుపో నవ్వో నాకు తెలియదు. చిన్నాయన తల తిప్పుకున్నాడు. "సొంతంగా గీక్కున్నది కర్మకు పనికిరాదప్పా. మంగలి చేయి పడాల. గోపాలుడు చేస్తాడులే, నువ్వు ఆడ నిలబడు, చాలు" అన్నాడు. నరసప్ప గోపాలు తలమీద నీళ్ళు పోసి రుద్దుతున్నాడు. తల ఎత్తలేదు. మంగలి చేయి నా తలమీద గంట కిందటే పడిందని నేను ఒక్క మాట అంటే చాలు. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఒకసారి నా మౌనంతో ఆయన్ను ముంచాను, ఈసారి మాటతో ముంచడం చేతకాలేదు. వేపచెట్టు కింద నిలబడి, తమ్ముడు నాయనకు పిండం పెట్టడం చూశాను.

అరవై ఆరులో రోగం లేదని కాగితం వచ్చింది. అప్పటికి నరసప్ప లేడు. లక్ష్మన్నకు నాకంటే ముందే కాగితం వచ్చింది, మగ్గం మాత్రం మళ్ళీ ఎక్కలేకపోయాడు. రత్నమ్మ పాపను తీసుకుని వచ్చేసింది. నా గ్లాసు, నా కంచం ఇంకా విడిగానే కడుగుతుంది, నేను అడగను. ఇది చదివేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. మీ గడ్డం నానబెట్టే మనిషి, మీ తలకు నూనె రాసే మనిషి, మీ ఒంటిని చేత్తో ఎరిగినవాడు ఎవడైనా, ఈ చోట నీకు వేడి తెలియలేదు అంటే, వాడి కులమూ చదువూ చూడకండి. ఆ పొద్దే ఆసుపత్రికి పోండి. రోగం నయమవుతుంది. మందు ఉంది. నేను పోగొట్టుకున్నది రోగం వల్ల కొంత, పోకుండా కూర్చున్న ఆ ఏడాదిన్నర వల్ల ఎక్కువ.

కాగితం వచ్చిన నెలలోనే నాయన తద్దినం పడింది. కాగితం జేబులో పెట్టుకుని గోపాలు దగ్గరికి పోయాను. వాడు రెండుసార్లు చదివాడు. ముఖం నిజంగానే వెలిగింది.

"శానా సంతోషం అన్నా."

"ఈ తూరి నాయనకు నేను పెడతారా."

వాడు కాగితం మడతలు సరిగ్గా పెట్టి నా చేతికిచ్చాడు. "ఇన్నేండ్లు నేనే పెడ్తి గదన్నా. జరిగేదాన్ని మార్చేది ఎందుకు? నువ్వు వచ్చి కూచో, అంతే చాలు" అన్నాడు.

పోయాను. తెల్లవారకముందే లేచి నానబెట్టుకుని గడ్డం గీసుకుని, తలస్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. లోపల మంత్రాలు అయిపోయాయి. నాయన పేరు మూడుసార్లు వినపడింది. భోజనాలకు పిలుస్తున్నారు. లేవబోతుంటే అమ్మ విస్తరాకు పట్టుకుని బయటికి వచ్చింది. అరుగు మీద నా ముందర పరిచి, అన్నం పెట్టి, నా ముఖం వైపు చూడకుండా అంది.

"లోపల ఇరుకుగా ఉండాది నాయనా. ఈడనే తిను."

గడప అవతలికి చూశాను. లోపల నలుగురే కూర్చుని ఉన్నారు. నేను తిన్నాను.